అలసిన ఒంటికి ప్రసంగం ఒక్కటే చాలదు



మన సంఘాలలో ఒక మాటను మరీ తేలిగ్గా వాడేస్తున్నాం. నిద్ర పట్టడం లేదన్నా, గుండె దడగా ఉందన్నా, దేనిమీదా మనసు నిలవడం లేదన్నా వెంటనే ఒకే జవాబు చెబుతాం: విశ్వాసం తగ్గింది, ప్రార్థన పెంచుకో. ఆ మాట విన్న మనిషి రెండు బరువులతో ఇంటికి వెళ్తాడు. ఒకటి తాను తెచ్చుకున్న కష్టం, రెండోది మనం నెత్తిన పెట్టిన నేరభావం. ఇది వైద్యం కాదు. వాక్యానుసారమూ కాదు.

ముందు ఒంటి సంగతి చూద్దాం. ఆపద ఎదురైనప్పుడు మెదడు కబురు పంపుతుంది. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను విడుదల చేస్తాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది, కాలేయం చక్కెరను రక్తంలోకి వదులుతుంది, అరుగుదల మందగిస్తుంది. పాము కనబడితే పరుగెత్తడానికి దేవుడు మన దేహంలో పెట్టిన ఏర్పాటు ఇది. పాము వెళ్లిపోతే ఒళ్లు మళ్లీ కుదుటపడుతుంది.

కానీ పాము రోజూ ఇంట్లోనే ఉంటే? మేస్త్రీ అరుపు, వడ్డీవాడి ఫోను, రేపు పని ఉంటుందో లేదో అనే భయం, ఇంటద్దె. ఇవి సాయంత్రానికి వెళ్లిపోయేవి కావు. అప్పుడు ఆ హార్మోన్లే శత్రువులవుతాయి. బీపీ దిగదు, షుగరు ముదురుతుంది, నిద్ర చెడుతుంది, రోగనిరోధక శక్తి తగ్గుతుంది, జ్ఞాపకశక్తి మందగిస్తుంది, నెలసరి గతి తప్పుతుంది. మనసు కుంగుతుంది, లేదా చిన్నమాటకే భగ్గుమంటుంది. ఆ కోపం ఇంట్లో భార్యాపిల్లల మీద పడుతుంది. కొందరు సారాయిలో దాక్కుంటారు. మనం తాగుడు మీద ప్రసంగం చేస్తాం, ఆ తాగుడు వెనకున్న పన్నెండు గంటల చాకిరీ మీద నోరెత్తం.

"ఒత్తిడి అందరికీ ఉంటుందండీ, పెద్ద ఆఫీసర్లకు ఇంకా ఎక్కువ" అంటారు కొందరు. ఈ వాదనకు బ్రిటన్ ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం గట్టి జవాబిచ్చింది. మైకెల్ మార్మట్ బృందం ఏళ్ల తరబడి చూసిన లెక్కలో అడుగు మెట్టు ఉద్యోగుల్లో గుండెజబ్బు మరణాలు పైమెట్టు వారికంటే సుమారు మూడు రెట్లు. వాళ్లందరికీ జీతం ఉంది, ఉచిత వైద్యం ఉంది. పొగతాగడం, రక్తపోటు వంటివి ఆ తేడాలో కొంతభాగాన్నే వివరించాయి. తరువాతి అధ్యయనాల్లో మరో కారణం తేలింది: తన పని మీద తనకు ఏ అధికారమూ లేకపోవడం. పై అధికారికి బాధ్యత ఎక్కువే, కానీ ఆయన నిర్ణయిస్తాడు. కింది మనిషి భరిస్తాడు. ఆ భరింపు రక్తనాళాల్లో లెక్క రాసుకుంటుంది.

ఇప్పుడు మన వాళ్లను చూడండి. బెంగళూరు వీధులూడ్చే పౌరకార్మికుల్లో చాలామంది తెలుగు మాట్లాడే దళిత స్త్రీలు. చెన్నైలో, ఒడిశా పట్టణాల్లో కూడా చీపురు పట్టిన చేతుల్లో తెలుగు చేతులు ఎన్నో. షోలాపూరులో బీడీలు చుట్టే తెలుగు తల్లులు తూకాన్ని బట్టి, లెక్కను బట్టి బతుకుతారు. కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాక, అక్కడి కుటుంబాల నుంచి ఎంతోమంది తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరులో పనిచేసి చీకటి పడ్డాక ఇల్లు చేరుతున్నారు. వీధిలో పనిచేసే స్త్రీకి మరుగుదొడ్డి దొరకదు గనుక నీళ్లు తాగడం మానుకుంటుంది. మూత్రనాళపు మంట వస్తుంది. సెలవు పెడితే కూలి పోతుంది గనుక డాక్టరు దగ్గరికి వెళ్లదు. ఆమెకు కావలసినది ధ్యానం మీద సెమినారా?

2022 జూలైలో బెంగళూరు పౌరకార్మికులు సమ్మెకు కూర్చుని ఉద్యోగాలు పర్మనెంటు చేయమని అడిగారు. అది జీతం అడగడం మాత్రమే కాదు. రేపటి గురించిన భయాన్ని తీసేయమని అడగడం. నెలనెలా వచ్చే జీతం, వారానికో సెలవు, జబ్బుచేస్తే జీతం కోయని రోజు: ఇవి కూడా ఒత్తిడికి మందులే. ఈ మందుకు చీటీ రాయవలసినవాడు డాక్టరు కాదు, ప్రభుత్వం.

దీని మీద కులం ఇంకో బరువు. ఇల్లు అద్దెకు అడిగితే ఇంటిపేరు అడుగుతారు. కొత్త ఆఫీసులో ఊరు అడిగి వాడ తెలుసుకోవాలని చూస్తారు. ఎప్పుడు బయటపడుతుందో అని జాగ్రత్తగా మాట్లాడే యువకుడి దేహం పగలంతా కాపలా కాస్తున్న సిపాయిలా బిగిసే ఉంటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు నేటికీ బయటే. సర్టిఫికెట్టులో ఒక గుర్తింపు, బాప్తిస్మంలో మరో గుర్తింపు. ఈ రెండింటి మధ్య నలిగే బిడ్డను "నీకు విశ్వాసం తక్కువ" అనడానికి మనకు నోరెలా వస్తుంది?

లేఖనాలు ఏం చెబుతున్నాయో చూద్దాం. ఏలీయా బదరీ వృక్షం కింద కూలబడి చావు కోరుకున్నప్పుడు దేవుడు ఆయనను గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత రొట్టె, నీళ్లు పంపాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. బోధ ఆ తరువాతే. నిర్గమకాండము అయిదో అధ్యాయంలో గడ్డి ఇవ్వకుండా అన్నే ఇటుకలు చేయమన్న ఫరో, కూలీలు మొరపెడితే సోమరులని తిట్టాడు. ఆరో అధ్యాయంలో మోషే దేవుని వాగ్దానం తెచ్చి చెబితే ఇశ్రాయేలీయులు వినలేకపోయారు. కఠిన దాస్యం వల్ల, నలిగిన మనసు వల్ల అని గ్రంథమే కారణం చెబుతోంది. దేవుడు వారి అవిశ్వాసం మీద విచారణ పెట్టలేదు. ఫరో దగ్గరికి మోషేను పంపాడు. ద్వితీయోపదేశకాండము అయిదో అధ్యాయంలో విశ్రాంతి దినం దాసునికీ దాసికీ కూడా ఇచ్చిన హక్కు. గెత్సేమనేలో మన ప్రభువే వేదనతో చెమటోడ్చాడు. ఆయనకు విశ్వాసం తక్కువైందా?

"అయితే ప్రార్థన వద్దంటారా?" అని అడుగుతారు. వద్దనడం లేదు. మోకాళ్ల మీద పొందిన ఓదార్పు ఎందరిని బతికించిందో మనకు తెలుసు. కానీ విరిగిన కాలికి ప్రార్థన చేసి కట్టు కట్టిస్తాం కదా, కుంగిన మనసుకు మాత్రం వైద్యం ఎందుకు అడ్డుకుంటాం? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించి, శిక్షించకుండా ఆదుకోమంటోంది. కొన్నిచోట్ల మన సమాధి తోటల్లో మాత్రం అలా పోయినవారికి ఇంకా చోటు కాదంటున్నారు. పార్లమెంటు చూపిన కనికరం క్రీస్తు సంఘం చూపలేదా?

కాబట్టి సంఘాలను సూటిగా అడుగుతున్నాం. మీ ఇంట్లో పనిచేసే మనిషికి వారానికో రోజు జీతంతో సెలవివ్వండి. మీ మిషను బడిలో, ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద ఊడ్చేవారి జీతమెంతో కమిటీలో చదివి వినిపించండి. పౌరకార్మికుల ధర్నాకు కీర్తనలతోపాటు నీళ్ల డబ్బాలతోనూ వెళ్లండి. కుంగినవారిని సాక్ష్యం చెప్పమని వేదిక మీద నిలబెట్టకండి, పక్కన కూర్చోండి.

యువతకు ఒక్క మాట. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి, ఆశ తగ్గిపోయాయంటే డాక్టరును కలవండి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగకండి. టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ నేలల మీద పుట్టి పెరిగిన మనకు కూడా ఏడుపు అమ్మభాషలోనే వస్తుంది, సిగ్గుపడకండి.

అలసినవారిని తన దగ్గరికి రమ్మన్న ప్రభువు వారి మీద మరో బరువైన కాడి మోపలేదు. ఆయన పేరు పెట్టుకున్న మనం ఆ కాడి విరిచే పనిలో ఉన్నామా, లేక మోసేవారికి ఓపిక నేర్పే పనిలోనే ఉన్నామా?