పత్తికట్టెయు సూక్ష్మజీవులును

సూక్ష్మజీవులచే విరళ మృత్తిక లోహములను తీయించినచో దేశము ధనవంతమగునని మన విద్యార్థులు ఉత్సాహముతో చెప్పుకొనుచున్నారు. ఆ మాట సగము నిజము. మిగిలిన సగమును గూర్చియే నా విన్నపము.

నియోడిమియము, సీరియము, లాంథనము మొదలగు పదునేడు మూలకములకు విరళ మృత్తికలని పేరు. 2025 ఏప్రిలులో చైనా వీనిలో ఏడింటి యెగుమతిని కట్టడి చేయగా అనేక దేశముల కర్మాగారములు చిక్కులఁ బడెను. మనకు ఈ విషయము పరాయిది కాదు. భీమునిపట్టణము మొదలగు తీరముల నల్లయిసుకలో మోనజైటు కలదు. భారతదేశపు మోనజైటు నిల్వలలో ఆంధ్రప్రదేశమునకే ప్రథమస్థానము.

మోనజైటును కాస్టిక్ సోడాతో ఉడికించి విడదీయుట మన దేశపు పద్ధతి. దీనికి బదులు సూక్ష్మజీవులను నియోగింపరాదా? రాగి గనులలో నియోగించి లాభము పొందిరి గదా! నిజమే. కాని అచ్చటి జీవులకు ఖనిజములోని గంధకము, ఇనుములే ఆహారము. యజమాని వేఱుగా తిండి పెట్టనక్కరలేదు. మోనజైటు ఫాస్ఫేటు ఖనిజము. దానిని కరగించు బూజునకు చక్కెర పెట్టవలెను. పెట్టినను, 2016లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగములో నూటికి 3 మొదలు 5 పాళ్లు మాత్రమే కరగినవి. అందును సగమునకు పైగా చౌకయైన సీరియము, లాంథనములే.

ఐడహో జాతీయ ప్రయోగశాలవారు వేఱొక దారి తొక్కిరి. పెట్రోలు శుద్ధిలో వాడి పారవేసిన ఉత్ప్రేరకముపై గ్లూకోనోబాక్టరు పుట్టించు ఆమ్లమును ప్రయోగింపగా దాదాపు సగము లోహము వచ్చినది. అయితే 2018లో ప్రకటించిన లెక్కలో వ్యయమున నూటికి 44 వంతులు ఆ జీవులకు పెట్టిన గ్లూకోజుదే! పిమ్మట మొక్కజొన్న చొప్పనుండి తీసిన చక్కెరను వాడి చూచిరి.

ఇచ్చట గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతు జ్ఞాపకమునకు వచ్చును. వేసవి రాగానే పత్తికట్టె, మిరపకట్టె పీకి చేలలో తగులబెట్టుటయో, పొయ్యిలోనికి కొనిపోవుటయో మనము చూచుచునే యున్నాము. ఈ కట్టెనుండి చక్కెర రాదా? వచ్చును. కాని పత్తికట్టె చొప్పవలె మెత్తనిది కాదు, కలపవంటిది. దానిని విడగొట్టుటకు ఆమ్లమో, క్షారమో, అధికమైన వేడియో కావలెను. ఆ ఖర్చును, చోటెక్కువై బరువు తూగని కట్టెను బండ్ల కెత్తు కూలిని కలుపక వేసిన లెక్క లెక్క కాదు. పొయ్యికట్టె పోయిన బీదయింటివారికి బదులేమి యిత్తురో అదియు చెప్పవలెను.

తీరపు ఇసుకకు సూక్ష్మజీవులు నేడు లాభసాటి కావని నా అభిప్రాయము. ఇదివరకే పొడియై యున్న వ్యర్థములతో ప్రారంభించుట మేలు. విశాఖపట్టణమున పెట్రోలు శుద్ధి కర్మాగారము కలదు. బాపట్లలో 1945లో స్థాపితమైన వ్యవసాయ కళాశాల కలదు. పత్తికట్టె యెల్లెడల కలదు. ఒక చిన్న తొట్టిలో పరీక్షించి చూడవచ్చును. కిలో లోహమునకు ఎన్ని కిలోల కట్టె పట్టినదో మాత్రము మొదటి దినమునుండియే వ్రాసి యుంచవలెను.