మందిరములో మిక్సరు మాట వినని వేళ



ఈ నెల మేము వ్రాయబోయేది వైర్ల గురించి, పెట్టెల గురించి. ఇవి ఆత్మీయ పత్రికలో ఎందుకని కొందరు అనుకోవచ్చు. ఒక చిన్న వైరు వలన ఒక యౌవనస్థుని మనస్సు విరిగిపోవడము మేము కళ్లారా చూశాము. అందులో మా పాలు కూడా ఉంది గనుక వ్రాయక తప్పడము లేదు.

ఒక గ్రామ సంఘములో కోతకాలపు పండుగకు వాక్యము చెప్పుటకు వెళ్లాము. విశ్వాసులు ధాన్యము అమ్మి, కూలి డబ్బులు కూడబెట్టి ఆ మందిరమునకు డిజిటల్ మిక్సరు కొన్నారు. దాని మీద త్రిప్పుటకు బటన్లు ఉండవు. వెనుక బల్ల మీద ఉన్న లాప్‌టాప్‌లో చూస్తూ అంతా నడపాలి. ఇంటర్ చదివిన ఒక కుర్రవాడు రెండేళ్లుగా ఆ పరిచర్య చేస్తున్నాడు. రెండవ పాట మధ్యలో కరెంటు పోయింది. నాలుగైదు నిమిషాలకు జనరేటరు వేశారు. శబ్దము వచ్చింది గాని లాప్‌టాప్‌లో మిక్సరు కనబడలేదు. ఇంతలో పుల్పిట్ మైకు కీచుమని కూయడము మొదలుపెట్టింది. తగ్గించుటకు దారి లేదు. పసిపిల్లలు ఏడుస్తున్నారు, పెద్దలు వెనక్కి తిరిగి చూస్తున్నారు. సంఘపెద్ద ఒకరు లేచి, "ఏమయ్యా, నిన్ను నమ్మి అప్పగిస్తే పండుగనాడే ఇలా చేశావా?" అని అందరి ఎదుట గద్దించారు. చివరకు ఆంప్లిఫైయరు ఆపివేసి మైకు లేకుండానే ఆరాధన కొనసాగించాము. మేమూ ఊరుకోలేదు. వాక్యము చెప్పుచూ, దేవుని మందిరపు వస్తువులు అజాగ్రత్తపరుల చేతిలో పడితే ఇంతే గదా అన్నట్టు ఒక మాట జార్చాము. జనము నవ్వారు. ఆ కుర్రవాడు తల వంచుకొన్నాడు. తరువాత రెండు ఆదివారములు అతడు మందిరమునకు రాలేదని తెలిసింది.

అసలు జరిగినదేమిటో తరువాత నింపాదిగా కూర్చుని తెలుసుకొన్నాము. మీ సంఘములో ఇటువంటిది జరుగకుండా ఆ సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదట గ్రహించవలసినది, శబ్దము నడిచే దారి వేరు, ఆజ్ఞ నడిచే దారి వేరు. మోషే చేయించిన రెండు వెండి బూరల సంగతి సంఖ్యాకాండము 10వ అధ్యాయములో చదువుతాము. సమాజమును కూడనిచ్చుటకు ఊదే విధము ఒకటి, ప్రయాణమునకు ఊదే విధము మరొకటి. ఇక్కడను అంతే. మైకు నుండి మిక్సరుకు, మిక్సరు నుండి స్పీకర్లకు శబ్దము తన వైర్లలో పోతుంది. "ఈ మైకు తగ్గించు, ఆ మైకు పెంచు" అనే ఆజ్ఞలు మాత్రమే నెట్‌వర్క్ ద్వారా పోతాయి. అందుకే నెట్‌వర్క్ తెగినా శబ్దము ఆగదు, చివరిగా పెట్టిన ప్రకారమే వస్తూ ఉంటుంది. ఉదాహరణకు బెరింగర్ ఎక్స్‌ఆర్ 18 అనే మిక్సరులో రికార్డింగుకు శబ్దము కంప్యూటరుకు వెళ్లేది యూఎస్‌బీ వైరు ద్వారా, 18 చానళ్లుగా వెళ్తుంది. ఆజ్ఞలు వెళ్లేది నెట్‌వర్క్ వైరు ద్వారా గాని వైఫై ద్వారా గాని. కాబట్టి లైవ్‌లో మాట వినబడకపోతే వైఫైని సరిచేసి ప్రయోజనము లేదు. యూఎస్‌బీ వైరును, కంప్యూటరులో ఎన్నుకొన్న సౌండు పరికరమును చూడాలి. మిక్సరే తెర మీద కనబడకపోతే అప్పుడు నెట్‌వర్క్ సంగతి చూడాలి. ఏ దారి మూసుకొన్నదో తెలిస్తే సగము పని అయినట్టే.

రెండవది, వైరు పెట్టిన చోటు. ఆ మిక్సరు ముందు భాగములో ఒకే ఆకారము గల రెండు రంధ్రములు ఉంటాయి. ఒకటి నెట్‌వర్క్‌ది, మరొకటి అల్ట్రానెట్. అల్ట్రానెట్ అనేది పాడేవారు, వాయించేవారు తమ తమ శబ్దము వినుటకు పెట్టుకొనే చిన్న మిక్సర్లది. అదే సంస్థ పెద్ద మిక్సరు ఎక్స్ 32లో ఏఈఎస్ 50 అనే రంధ్రములు కూడా రెండు ఉంటాయి. అవి స్టేజి మీది పెట్టెకు శబ్దము తీసికొని వెళ్లేవి. వైరు వీటిలో చక్కగా పడుతుంది గాని లాప్‌టాప్‌కు మిక్సరు ఎన్నటికీ కనబడదు. మందిరము కడిగిన రోజున ఎవరో తీసి మరల పెట్టినప్పుడు ఈ పొరపాటు జరుగుతుంది. సరియైన రంధ్రము దగ్గర ఒక రంగు స్టిక్కరు అంటించి, వైరు కొనకూ అదే రంగు అంటించండి. ఆ మిక్సరుకు మూడు స్థానముల స్విచ్చి కూడా ఉంటుంది: వైరు, బయటి వైఫై, సొంత వైఫై. చిన్నపిల్లల చేయి తగిలి అది జరిగినా సంబంధము తెగిపోతుంది.

మూడవది చిరునామా. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో ప్రభువు అననీయను పంపినప్పుడు వీధి పేరు, ఇంటివాని పేరు కూడా చెప్పి పంపాడు. నెట్‌వర్క్‌లోని ప్రతి పరికరమునకు అటువంటి చిరునామా ఒకటి ఉంటుంది. 192.168.0.50 అన్నారనుకోండి. మన చిన్న నెట్‌వర్క్‌లలో సాధారణముగా మొదటి మూడు అంకెలు వీధి, చివరిది ఇంటి నంబరు. 255.255.255.0 అనే మరొక వరుస చెప్పేది ఇదే. మిక్సరు, లాప్‌టాప్ ఒకే వీధిలో ఉండాలి, ఇంటి నంబర్లు వేరుగా ఉండాలి. రెండింటికీ ఒకే నంబరు ఉంటే, ఒకే ఇంటి నంబరు గల రెండు ఇండ్ల మధ్య పోస్టుమాన్ తిరిగినట్టు ఆజ్ఞలు తికమకపడతాయి.

ఈ చిరునామాలు పంచేది రూటరు. పండుగనాడు జరిగినది ఇక్కడే. జనరేటరు రాగానే మిక్సరు ముందుగా లేచి "నా చిరునామా ఏది?" అని అడిగింది. రూటరు ఇంకా లేవలేదు. జవాబు రాక మిక్సరు తనంతట తానే 169.254తో మొదలయ్యే చిరునామా పెట్టుకొన్నది. లాప్‌టాప్ బ్యాటరీ మీద ఉన్నది గనుక పాత వీధిలోనే నిలిచింది. ఒకే బల్ల మీద ఉన్నా ఇద్దరూ వేర్వేరు వీధుల వారయ్యారు. ఆ కుర్రవాని తప్పు ఇందులో ఎక్కడ ఉన్నది? రూటరు లేచిన తరువాత మిక్సరును ఆపి మరల వేసి ఉంటే సరిపోయేది. ఆ సంగతి అతనికి ఎవరూ నేర్పలేదు.

ఇకముందు 169.254 అంకెలు కనబడితే చిరునామా పంచేవారు లేరని అర్థము చేసికొనండి. దీనికి శాశ్వత మార్గములు రెండు. రూటరుకు చిన్న యూపీఎస్ పెట్టుట ఒకటి. మిక్సరుకు స్థిరమైన చిరునామా వ్రాసి పెట్టుట రెండవది. రూటరు 100 నుండి 199 వరకు పంచుతుంటే మిక్సరుకు 50, లాప్‌టాప్‌కు 60 ఇవ్వండి. అప్పుడు ఒకరి నంబరు మరొకరికి పోదు. రూటరు లేకుండా లాప్‌టాప్‌ను నేరుగా మిక్సరుకు కలిపినా రెండింటికీ ఇలా స్థిరమైన చిరునామాలు ఇవ్వడము మేలు. ఆ అంకెలను కాగితము మీద వ్రాసి బల్లకు అంటించండి.

నాలుగవది వైఫై. శనివారము ఖాళీ మందిరములో చక్కగా పనిచేసినది ఆదివారము ఎందుకు తెగుతుందని చాలామంది అడుగుతారు. వైఫై అలలను మనుష్యుల శరీరములు, ఇనుప బీరువాలు అడ్డగిస్తాయి. అందరి జేబుల్లోని ఫోన్లు కూడా అవే అలల మీద మాట్లాడుకొంటాయి. ఎక్స్‌ఆర్ 18 సొంత వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది, దానికి ఒకేసారి నలుగురి వరకే చోటు. పాస్‌వర్డు యౌవనస్థులందరికీ తెలిస్తే అసలు నడిపేవానికి చోటు దొరకదు. వేరే రూటరు ఎత్తులో పెట్టి, దాని పాస్‌వర్డు ఒకరిద్దరికే ఇవ్వండి. అన్నిటికంటె వైరు మేలు, 100 మీటర్ల వరకు నిస్సందేహముగా వాడవచ్చు. ఫోనుతో నడిపేవారికి మరొక మాట. ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదని ఫోను తనంతట తానే మొబైల్ డేటాకు మారిపోతుంది. ఆరాధన సమయములో మొబైల్ డేటా ఆపివేయండి.

ఐదవది, కంప్యూటరు కాపలా. విండోస్ కొత్త నెట్‌వర్క్‌ను "పబ్లిక్" అని భావిస్తే, బయటివారిని రానివ్వని కావలివాని వలె మిక్సరు పంపే జవాబును కూడా గుమ్మము దగ్గర ఆపివేయవచ్చు. మందిరపు నెట్‌వర్క్‌ను "ప్రైవేట్" అని మార్చి, ఫైర్‌వాల్‌లో మిక్సరు ప్రోగ్రామునకు అనుమతి ఇవ్వండి. కావలివానిని పూర్తిగా తీసివేయవద్దు.

కాబట్టి కంగారుపడక వరుసగా చూడండి. మిక్సరుకు, రూటరుకు కరెంటు ఉన్నదా? వైరు సరియైన రంధ్రములో ఉన్నదా, దాని దగ్గర చిన్న దీపము వెలుగుతున్నదా? లాప్‌టాప్‌లో ఐపీకాన్ఫిగ్ అనే ఆజ్ఞ కొడితే ఏ వీధి చూపుతున్నది? మిక్సరు చిరునామాకు పింగ్ కొడితే జవాబు వచ్చుచున్నదా? జవాబు వచ్చి కూడా తెరమీద కనబడకపోతే ఫైర్‌వాల్‌ను, ప్రోగ్రాములో వ్రాసిన చిరునామాను చూడండి. జవాబు రాకపోతే వైరును, చిరునామాను మరల చూడండి. ఒకసారి ఒకటే మార్చండి. అన్నీ ఒక్కసారి పీకితే ఏది తప్పో ఎన్నటికీ తెలియదు. ఆదివారము ఆరాధనకు ఒక గంట ముందు అంతా వేసి చూడండి. నెలకొకసారి కావాలని మెయిన్ ఆపి, మరల వేసి, అన్నీ సరిగా లేస్తున్నవో లేదో పరీక్షించండి.

ఇక ఆ కుర్రవాని మాట. మేము అతని ఇంటికి వెళ్లాము. తల్లి మంచము వాల్చి, మంచినీళ్లు ఇచ్చి, "వాడు సరిగ్గా అన్నము కూడా తినడము లేదండీ" అన్నది. మేము అతనితో, "బాబూ, తెలియని దానికి నిన్ను పదిమందిలో చులకన చేశాము, క్షమించు" అన్నాము. అతడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయ్యగారూ, పెద్దలు అన్నందుకు కాదండి, పుల్పిట్ మీద నుండి మీరు అన్నందుకే బాధపడ్డాను" అన్నాడు. ఆ మాట మాకు ఈనాటికీ గుచ్చుకొంటుంది. పుల్పిట్ మీద అన్నదానిని పుల్పిట్ మీదనే సరిచేసికోవాలి గనుక తరువాతి ఆదివారము సంఘము ఎదుట మా తప్పు ఒప్పుకొన్నాము. ఆ సంఘపెద్ద కూడా లేచి వెళ్లి అతని భుజము మీద చేయి వేశారు. ఇప్పుడు అతడు మరి ఇద్దరికి ఈ పని నేర్పుచున్నాడు.

తప్పిపోయిన సహోదరునితో మొదట ఒంటరిగా మాట్లాడమని మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు నేర్పించాడు. తప్పు చేయని వానిని అందరిలో గద్దించితే మరి ఎంత దోషము! వైరు తెగితే కొత్తది కొనవచ్చు. మనస్సు తెగితే అతికించుటకు చాలా కాలము పడుతుంది. మీ మందిరములో వెనుక బల్ల దగ్గర కూర్చుండే బిడ్డను ఈ ఆదివారము పలుకరించండి. అతని పరిచర్య కొరకు పేరు పెట్టి ప్రార్థించండి.

ప్రభువు మీ కుటుంబములను, మీ సంఘములను దీవించును గాక. ఆమేన్.