ముందు ఏ పని?

పొయ్యి మీద పాలు పొంగుకొస్తుంటాయి. చంటిబిడ్డ ఏడుస్తుంటాడు. అదే క్షణంలో ఫోన్ మోగుతుంది. మనలో చాలామందిమి ముందుగా ఫోనే అందుకుంటాం. అన్నిటికంటే అదే ముఖ్యమని తలచి కాదు, అది మోగింది గనుక! పనులన్నీ ఒకేసారి మీద పడినప్పుడు మన ఎంపిక తరచూ ఇలాగే ఉంటుంది.

ఏకకాలంలో రెండు పనులు చక్కబెట్టగలమని గొప్పగా చెప్పుకుంటాం. నడుస్తూ మాట్లాడటం వంటి అలవాటైన పనుల మాట వేరు. ఆలోచన అవసరమైన రెండు పనులు ఎదురైతే మెదడు చేసేది ఒకదాని నుంచి మరొకదానికి మారడమే. ఆ మార్పుకు ప్రతిసారీ కొంత కాలం ఖర్చవుతుంది. పొరపాట్లూ పెరుగుతాయి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ జెర్సిల్డ్ 1927లోనే ఈ ఖర్చును కొలిచి చూపారు.

ఒక్కోసారి ఆ ఖర్చు ప్రాణాలతో చెల్లించాల్సి వస్తుంది. 1972 డిసెంబరు 29 రాత్రి ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానం న్యూయార్క్ నుంచి వచ్చి మయామీలో దిగబోతోంది. ముందు చక్రం దిగినట్లు తెలిపే చిన్న దీపం వెలగలేదు. విమానాన్ని రెండు వేల అడుగుల ఎత్తున ఆటోపైలట్‌కు అప్పగించి, సిబ్బంది ఆ దీపం సంగతి చూడటంలో మునిగిపోయారు. విమానం మెల్లగా కిందికి జారుతోంది. హెచ్చరిక మోగినా ఎవరి చెవికీ ఎక్కలేదు. చివరి నాలుగు నిమిషాలు పరికరాలపై ఎవరి దృష్టీ లేదు. విమానం చిత్తడి నేలలో కూలింది. అందులోని 176 మందిలో 101 మంది మరణించారు. చక్రం సరిగానే దిగి ఉంది. మాడిపోయింది బల్బు మాత్రమే!

వారు అనుభవం లేనివారు కారు. చిన్న పని మనసును పట్టేసుకుంటే పెద్ద పని కనుమరుగవుతుంది, అంతే. అందుకే పైలట్లకు ఒక క్రమం నేర్పుతారు: మొదట విమానాన్ని నడపాలి, తర్వాత దారి చూసుకోవాలి, ఆ తర్వాతే మాట్లాడాలి. ఇది తొందరలో తీసుకునే నిర్ణయం కాదు, ముందే చేసిపెట్టుకున్నది. అజాన్ వినగానే దుకాణం కట్టేసే వ్యాపారి కూడా ఆ క్షణాన లాభనష్టాలు తర్కించుకోడు. ఆ నిర్ణయం ఎప్పుడో జరిగిపోయింది.

మన ఇళ్లలోనూ ఇదే పద్ధతి అవసరం. ఏది ఆలస్యమైతే తిరిగి సరిదిద్దుకోలేమో అదే మొదటి పని. తప్పిన ఫోన్ మళ్లీ చేసుకోవచ్చు. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని బండి నడిపే మన యువకులకు ఈ మాట ఇంట్లోనే, బండి తాళం చేతికిచ్చే ముందే చెబుదాం.