సెలవులకి ఒక్కడివే వెళ్ళు, తిరిగి మాత్రం ఒక్కడివే రాకు



సంక్రాంతి దగ్గర పడింది కదా, గ్రూపు నిండా ఊరి ఫోటోలే. పాడేరు వాళ్ళు మంచు పెడుతున్నారు, చింతూరు వాళ్ళు వాగు పెడుతున్నారు. చూస్తుంటే నాకూ సంతోషంగానే ఉంటుంది. నాది హనుమాన్ జంక్షన్. కొండ లేదు, వాగు లేదు. ఆంజనేయస్వామి గుడి, ఏలూరు రోడ్డు, బెజవాడ రోడ్డు, నూజివీడు రోడ్డు, గుడివాడ రోడ్డు, రాత్రీ పగలూ లారీలు. ఒక అన్న నన్ను "జంక్షన్‌లో ఎస్టీలేంట్రా?" అని అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే తెలీక అడిగాడు. మేము యానాదులం అన్నా. మాది ఏజెన్సీ కాదు, 1/70 చట్టం మాకు వర్తించదు. యానాదుల కోసం పెట్టిన ఐటీడీఏ ఎక్కడో నెల్లూరులో ఉంది. మా తాతలు వరి చేలల్లో ఎలకల బుట్టలు పెట్టి బతికారు. ఇప్పుడు మాలో చాలామంది కొల్లేరు వైపు చేపల చెరువుల మీద కాపలా ఉంటున్నారు.

మా అమ్మానాన్నా కైకలూరు దగ్గర ఒక చెరువు మీద ఉంటారు. గట్టు మీద మకాం, అదే ఇల్లు. పొద్దున్నే తవుడు సంచులకి కన్నాలు పెట్టి, పడవ మీద వెళ్ళి వెదురు గెడలకి కట్టి రావాలి. రాత్రి టార్చిలైటు పట్టుకుని గట్టు చుట్టూ తిరగాలి. అడ్వాన్సు తీసుకుని చేరారు కాబట్టి అది తీరేదాకా కదలడానికి లేదు. కాలనీలో మా ఇంటికి ఏడాదిలో ఎక్కువ రోజులు తాళమే.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చే కార్లన్నీ మా జంక్షన్ దాటే గోదావరి జిల్లాలకి వెళ్తాయి. లోకమంతా సొంతూరికి వస్తుంటే, మా కాలనీ పిల్లలు ఊరి నుంచి బయటికి పోతారు. హాస్టల్ మూశారంటే గుడివాడ బస్సెక్కి, అక్కడ్నుంచి ముదినేపల్లి మీదుగా కైకలూరు బస్సులో చెరువుకి చేరడమే. వాళ్ళకి ఊరంటే అమ్మానాన్నా ఉన్న చోటు.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి చెప్తాను. వాడికి 13 ఏళ్ళు, ఎనిమిదో తరగతి. దసరాకి హాస్టల్ మూసేస్తే చెరువు మీదకి వెళ్ళాడు. నేను వెళ్ళలేదు. విశాఖలో క్యాటరింగ్ పనికి వెళ్తే నాలుగు రూపాయలు వస్తాయని హాస్టల్ ఫ్రెండ్స్‌తో ఉండిపోయాను. దీపావళికి ఫోన్ చేస్తే అమ్మ అసలు విషయం చెప్పింది. సెలవులైపోయినా తమ్ముడు బడికి పోలేదు. చెరువు గుమాస్తా "పిల్లోడు మేతకి సాయం ఉంటే నెలకి రెండు వేలు కలుపుతాం" అన్నాడంట. నాన్న కాదనలేకపోయాడు. నేను గట్టిగా అరిస్తే నాన్న ఒకే మాట అన్నాడు, "నువ్వుండి తీసుకెళ్తే పంపేవాణ్ణి గదరా పెద్దోడా. మేం గట్టు వదిలి రాలేం గదా."

దానికి నా దగ్గర సమాధానం లేదు. నేను ఏడో తరగతిలో ఉండగా ఇలాగే చెరువు మీద ఉండిపోతే, మా మేనత్త వచ్చి చెయ్యి పట్టుకుని హాస్టల్‌లో దింపింది. అందుకే ఈరోజు డిగ్రీ చదువుతున్నాను. మా తమ్ముడికి ఆ చెయ్యి నేను అవ్వాలి. అవ్వలేదు.

మనలో కొందరు "చదువు మీద ఇంట్రెస్ట్ లేక మానేస్తున్నారు" అంటారు. నేను ఒప్పుకోను. మా కాలనీలో చదువు మానేసిన పిల్లలు ఎక్కువమంది బడి జరిగేటప్పుడు మానలేదు. సెలవులకి వెళ్ళి తిరిగి రాలేదు, అంతే. ఎవరూ వాళ్ళని మానమని చెప్పలేదు, తిరిగి తీసుకొచ్చేవాళ్ళు లేరు.

చట్టంలో లేదా అంటే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 9లో, వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థలదే అని రాసి ఉంది. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు, సెలవుల్లో పిల్లలు కుటుంబ పనికి సాయం చెయ్యొచ్చన్నారు. కానీ చెరువు మా కుటుంబానిది కాదు, ఓనరుది. పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక మా ఇల్లు కృష్ణా జిల్లాలో, మా చెరువు ఏలూరు జిల్లాలో పడ్డాయి. పిల్లోడు ఏ జిల్లా లెక్కలో ఉన్నట్టు?

అందుకే నేను అనేది రెండు మాటలు.

మొదటిది ప్రభుత్వానికి. అమ్మానాన్నా చెరువుల మీదో, ఇటుక బట్టీల్లోనో ఉన్న పిల్లల కోసం సెలవుల్లో ప్రతి జిల్లాలో ఒక్క హాస్టలైనా తెరిచి ఉంచాలి. ఇదేం కొత్త కోరిక కాదు. కర్నూలు పడమటి మండలాల్లో పనులకి వలసెళ్ళే వాళ్ళ పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు పెట్టారు. ఒడిశాలో బలంగీర్, నువాపడ జిల్లాల్లో కూడా పెట్టారు. అక్కడ చేసింది కొల్లేరు పిల్లలకి ఎందుకు చెయ్యకూడదు? పిల్లలు పండక్కి కూడా హాస్టల్‌లోనేనా, అమ్మానాన్నని చూడొద్దా అని అడుగుతారు. చూడాలి. రెండ్రోజులు చూసి రానివ్వండి. వచ్చేసరికి గేటుకి తాళం లేకుండా ఉంటే చాలు.

రెండోది మనకి. ప్రభుత్వం చేసేదాకా ఆగితే ఈ సంక్రాంతికి ఇంకొందరు పోతారు. మనం హాస్టల్ బ్యాగు తీసుకుని వెళ్ళి, నాలుగు రోజులు తిని, పడుకుని, ఫోటోలు దిగి వచ్చేస్తున్నాం. నేనూ అంతే. ఈసారి వెళ్ళినప్పుడు మీ కాలనీలో, మీ గూడెంలో, మీ తండాలో దసరా తర్వాత బడికి పోని పిల్లలు ఎవరో అడగండి. హెడ్ మాస్టర్‌తో ఒక్కసారి మాట్లాడండి. బడి తెరిచే రోజున వాళ్ళతో పాటు బస్సెక్కండి. మనకి పోయేది ఒక రోజు, బస్సు ఛార్జీ.

అందరినీ తేలేమని నాకూ తెలుసు. రెండు వేల ముందు నా మాట చిన్నదే. నాన్నతో ఏం మాట్లాడాలో ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. క్యాటరింగ్ డబ్బులు కొంచెం మిగిలాయి, అవి ఆయన చేతిలో పెడతాను. మిగతాది నెలనెలా ఎలా పంపాలో చూడాలి. తమ్ముడి పేరు రిజిస్టర్‌లో ఇంకా తియ్యలేదని వాళ్ళ సార్ ఫోన్‌లో చెప్పారు. ఆ ఒక్క మాట పట్టుకుని వెళ్తున్నాను.

విశాఖ నుంచి వెళ్ళేటప్పుడు ఒక్క టికెట్టే తీశాను. బడి తెరిచే రోజు కైకలూరు నుంచి మాత్రం రెండు టికెట్లు తియ్యాలి. మీరు ఎవరిని తీసుకొస్తున్నారో కింద రాయండి.

మీ తమ్ముడు,
హనుమాన్ జంక్షన్