పెళ్ళి అయిన మర్నాడు

మొన్న మా ఎదురింటివారి అమ్మాయి పెళ్ళి అయింది. పెళ్ళి ముచ్చట మీకు చెప్పబోవడం లేదు. నేను చెప్పబోయేది మర్నాటి సంగతి. తెల్లవారేసరికి పందిరి సగం ఊడదీశారు. మామిడి తోరణాలు వడలి, ముడుచుకుపోయి వేళ్ళాడుతున్నాయి. అద్దెకు తెచ్చిన కుర్చీలు ఒకదానిమీద ఒకటి ఎక్కి, వ్యాను కోసం ఎదురు చూస్తున్నాయి. పిల్ల తండ్రి అరుగుమీద కూర్చుని, చేతిలో కాఫీ చల్లారిపోతున్నా తాగకుండా, వీధిలోకి చూస్తున్నాడు.

"ఏమండీ, అంతా బాగా జరిగింది గదా!" అని పలకరించాను.

"ఆ, బ్రహ్మాండంగా జరిగింది" అన్నాడాయన. కాసేపాగి, "ఏడాది నుంచీ రోజూ ఏదో ఒక పని ఉండేది మేష్టారూ. ఇవాళ లేచి ఏం చెయ్యాలో తోచలేదు" అన్నాడు.

సరిగ్గా ఆ మాటే అంతకు పది రోజుల ముందు ఇరవై ఏళ్ళ కుర్రవాడి నోట విన్నాను. ఇంటర్‌లో నా దగ్గర తెలుగు చదువుకున్నాడు. డాక్టరు కావాలని పట్టుబట్టి, నీట్ పరీక్ష మూడుసార్లు రాసి, మూడోసారి సీటు సంపాదించాడు. ఆ రోజు వాళ్ళ వీధి మొదట్లో వాడి బొమ్మతో ఫ్లెక్సీ కట్టారు. స్వీట్లు మా ఇంటిదాకా వచ్చాయి. తీరా కాలేజీలో చేరిన నాలుగు నెలలకు, పండక్కి ఇంటికి వచ్చినవాడు మళ్ళీ వెళ్ళనని కూర్చున్నాడు. వాళ్ళమ్మ కళ్ళొత్తుకుంటూ వచ్చి, "మీ మాటంటే వాడికి గురి. ఒక్కసారి చెప్పి చూడండి బాబూ" అంది.

చెప్పడానికేం, చెప్పాను. మేష్టర్ల దగ్గర ఇలాంటివాటికి ఒక ఉపన్యాసం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఇంతటితో అయిపోలేదు నాయనా, పై చదువు ఉంది, స్పెషలిస్టువి కావాలి, ఇంకా పెద్ద మెట్లు ఎక్కాలి అని ఏకరువు పెట్టాను. వాడు మర్యాదగా అంతా విన్నాడు. విని, "అదీ అయిపోతే మేష్టారూ?" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు.

"మూడేళ్ళు పొద్దున్న నాలుగింటికి లేచాను. ఎందుకు లేస్తున్నానో తెలిసేది. ఇప్పుడు ఎనిమిదింటికి కూడా లేవలేకపోతున్నాను. సీటు రానివాళ్ళ ముందు ఈ మాట అంటే కొడతారని ఎవరికీ చెప్పలేదు" అన్నాడు. ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. ఓడిపోయినవాడు ఏడిస్తే ఓదార్చడానికి ఊరంతా వస్తుంది. గెలిచినవాడు ఏడిస్తే ఏమనుకుంటాం? కొవ్వు అనుకుంటాం.

ఇది ఈ కాలపు జబ్బు అనుకునేవారు భాగవతం ప్రథమ స్కంధం తెరిచి చూడండి. వ్యాసుడంతటివాడు వేదాన్ని నాలుగుగా విభజించి, పైలుడికీ జైమినికీ వైశంపాయనుడికీ సుమంతుడికీ అప్పగించాడు. మహాభారతం రచించాడు. అంతకన్న పెద్ద పని మానవమాత్రుడు తలపెట్టగలడా? అంతా అయ్యాక సరస్వతీ నదీ తీరాన ఒంటరిగా కూర్చుని, మనసు ఎందుకు నిండలేదో తెలియక దిగులు పడ్డాడు. అప్పుడు నారదుడు వచ్చాడు. వచ్చి, నాలాగా ఉపన్యాసం దంచలేదు. ఇంకొక భారతం రాయమనలేదు. పోనీ అలసిపోయావు, విశ్రాంతి తీసుకో అనీ అనలేదు. చేసినదాంట్లో ఏది లోటుపడిందో ఎత్తి చూపాడు. ధర్మాలన్నీ చెప్పావు, భగవంతుడి కథ మనసారా చెప్పలేదు అన్నాడు. భాగవతం పుట్టిందే ఆ దిగులులోంచి. ఏళ్ళ తరబడి ఈ ఘట్టం పాఠం చెబుతూ, ఇది మన ఇళ్ళలో జరిగే కథ అని నాకు తట్టనే లేదు సుమండీ!

పురాణాలు మనకెందుకు అంటారా? సరే, ఒలింపిక్సు చూడండి. 2008 లో బీజింగులో అభినవ్ బింద్రా తుపాకీ పోటీలో బంగారు పతకం తెచ్చాడు. మన దేశానికి వ్యక్తిగత పోటీలో అదే మొదటి బంగారం. దేశమంతా టపాకాయలు కాల్చింది. ఆ పతకం తర్వాత తన లోపల ఎంత శూన్యం ఏర్పడిందో తర్వాత ఆయనే నలుగురిలో చెప్పుకున్నాడు. చెప్పినందుకు నేనాయనకు పతకంకన్న ఎక్కువ మార్కులు వేస్తాను. మళ్ళీ తుపాకీ పట్టి, 2016 రియోలో నాలుగో స్థానంలో ఆగిపోయి, అప్పుడు శలవు తీసుకున్నాడు.

ఎవరెస్టు కథ మరీ చక్కనిది. 1953 మే 29న టెన్సింగ్, హిల్లరీ శిఖరం మీద ఉన్నది పావుగంట. అన్నేళ్ళ ప్రయాస ఆ పావుగంట కోసం. ఆ తర్వాత? దిగాలి! దిగడమనేది ఎవరి ఫొటోలోనూ ఉండదు గాని, పర్వతాల మీద ప్రాణాలు పోయేది చాలాసార్లు దిగేటప్పుడే. అనుకున్నది అయిందన్న నిబ్బరంలో కాలు జారుతుంది. ఈ ఇద్దరూ ఎక్కుతున్నప్పుడే, మూడు రోజుల ముందు వచ్చిన జట్టు దారిలో వదిలిన ఆక్సిజన్ సీసాలను చూసి, వాటిలో కాస్త మిగిలి ఉందని గమనించి, తిరుగుదారి లెక్కలో వేసుకున్నారు. శిఖరం ఇంకా పైన ఉండగానే తిరుగుదారికి సరంజామా చూసుకున్నారన్నమాట. మన పిల్లల్ని మూడేళ్ళు కోచింగుల్లో పెట్టి, పరీక్ష మర్నాటికి ఒక్క సీసా అయినా దాచి పెడుతున్నామా?

కిందికి దిగాక టెన్సింగ్ 1954 లో మొదలైన డార్జిలింగు పర్వతారోహణ సంస్థలో చేరి, కొండలెక్కడం ఇతరులకు నేర్పాడు. హిల్లరీ ఆ షెర్పాల ఊళ్ళకే తిరిగి వెళ్ళి, 1961 లో ఖుమ్‌జుంగ్‌లో బడి కట్టించాడు, 1966 లో కుండేలో ఆసుపత్రి కట్టించాడు. మన నిజామాబాదు జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ పదమూడో ఏట, 2014 లో ఎవరెస్టు ఎక్కింది. పదమూడేళ్ళకే ప్రపంచంలో అన్నిటికన్న ఎత్తయినది ఎక్కేస్తే ఇక మిగిలిన జీవితం ఏం చెయ్యాలి చెప్పండి? ఆ పిల్ల 2022 నాటికి ఏడు ఖండాల్లోని ఎత్తయిన శిఖరాలన్నీ పూర్తి చేసింది. తక్కినవన్నీ ఎవరెస్టుకన్న పొట్టివే. పొట్టివని చిన్నచూపు చూడలేదు, అదీ నాకు నచ్చిన సంగతి.

ఇంతదాకా ఊరివాళ్ళ సంగతులు చెప్పాను. నా సంగతి దాచుకోవడం న్యాయం కాదు.

ఎనిమిదేళ్ళు పార్ట్‌టైం లెక్చరరుగా, గంటకింత అని లెక్కగట్టి ఇచ్చే డబ్బుతో బతికాను. ఆ ఎనిమిదేళ్ళూ పిచ్చివాడిలా చదివాను. ముప్ఫైమూడో ఏట ఉద్యోగం ఖాయమైంది. ఆ రాత్రి పుస్తకాలన్నీ సర్ది బీరువాలో పెట్టాను. మూడేళ్ళదాకా తియ్యలేదు. సిలబస్సులో ఉన్న పద్యాలు నోటికి వచ్చు, జీతం ఒకటో తారీకుకు వస్తుంది, ఇంకేం కావాలి? ఒకనాడు సెకండియరు అమ్మాయి ఒకతె తిక్కన పద్యంలో ఒక మాటకు అర్థం అడిగింది. తెలియదు అనడానికి నామోషీ వేసి, నోటికొచ్చింది చెప్పేశాను. మర్నాడు ఆ అమ్మాయి లైబ్రరీ నుంచి సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటం మోసుకొచ్చి, కాగితం ముక్క గుర్తు పెట్టిన పేజీ తెరిచి, "ఇక్కడ వేరేగా ఉందండీ, నేనే సరిగ్గా వినలేదేమో" అంది. తప్పు తనమీద వేసుకుంది చూడండి! నా గెలుపు మూడేళ్ళకే ఎంత తుప్పుపట్టిందో ఆ పేజీలో కనిపించింది.

ధర్మరాజు యుద్ధం గెలిచి, గెలిచినందుకు ఏడ్చి, అడవికి పోతానంటే తమ్ముళ్ళూ ద్రౌపదీ చీవాట్లు పెట్టారు. చివరకు పట్టాభిషేకం చేసుకున్నాడు. కిరీటం పెట్టుకున్న తరువాత ఎక్కడికి వెళ్ళాడు? అంపశయ్య మీద ఉన్న భీష్ముడి దగ్గరికి, రాజు ఏం చెయ్యాలో నేర్పమని! శాంతిపర్వమంతా ఆ ప్రశ్నలే. నేను పట్టాభిషేకం అయ్యాక ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. ఆ అమ్మాయి వచ్చివెళ్ళిన మర్నాటి నుంచి పొద్దున్నే నాలుగు పద్యాలు, నిఘంటువు పక్కన పెట్టుకుని, చదవడం మొదలుపెట్టాను. ఏ పరీక్షకూ కాదు. ఇప్పటికీ అంతే. కొన్నాళ్ళు రెండే పద్యాలవుతాయి.

మళ్ళీ కుర్రవాడి దగ్గరికి వస్తాను. ముందు ఒకటి అడిగాను: తింటున్నావా, నిద్ర పడుతోందా, బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా అని. అలాంటివి ఉంటే మేష్టరు పనికిరాడు, డాక్టరు దగ్గరికి నడిపించాలి. వారాల తరబడి సాగే దిగులును కబుర్లతో పోగొడదామనుకోవడం మూర్ఖత్వం. వాడికి అంతదాకా లేదని నెమ్మదిగా తేల్చుకున్నాక, "మూడేళ్ళు చదివావు గదా, అందులో రోగి అనేవాడు ఎప్పుడైనా నీ కంటబడ్డాడా?" అన్నాను. వాడు ఆలోచించాడు. ప్రశ్నలు కనబడ్డాయి, ర్యాంకులు కనబడ్డాయి, సీటు కనబడింది. రోగి మాత్రం లేడు.

"చదువు మానేద్దువుగానిలే. తొందరేముంది? వెళ్ళి ఒక్క ఆదివారం మీ ఆసుపత్రి వార్డుల దగ్గర కూర్చుని రా. ఏమీ చెయ్యకు, ఊరికే కూర్చో. ఆ తరువాత నీ ఇష్టం" అన్నాను. నా మాట నిలుస్తుందని నాకే నమ్మకం లేదు. వాళ్ళమ్మకు మాత్రం ఇంకో నెలదాకా వాడిని ఏ నిర్ణయమూ అడగవద్దని గట్టిగా చెప్పాను.

వెళ్ళాడు. ఆ ఆదివారం సాయంత్రం ఫోను చేశాడు. ఒక ముసలమ్మ వాడి మెడలోని కార్డు చూసి డాక్టరుబాబు అనుకుని, ఎక్స్‌రే గది ఎక్కడ అని అడిగిందట. వీడికీ తెలియదు. ఇద్దరూ కలిసి మూడంతస్తులూ తిరిగి, గంటకు కనుక్కున్నారట. "ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాను మేష్టారూ. మోకాలు ఎక్కడ నొప్పో చూపించింది. అక్కడ లోపల ఏముంటుందో నాకు గుర్తు రాలేదు" అన్నాడు.

ఇది జరిగి రెండు నెలలైంది. నిన్న మళ్ళీ ఫోను. అనాటమీ కాలేజీ పరీక్షలో తప్పాడట, మళ్ళీ రాస్తాడట. పొద్దున్న ఎన్నింటికి లేస్తున్నావురా అని అడిగాను.

"ఆరింటికండీ. నాలుగింటికి నా వల్ల కాదు" అన్నాడు.