గేర్‌బాక్సులో పడ్డది చేతికి వచ్చేదాకా బండి కదలొద్దు

కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ జిల్లాల ట్రాక్టర్ యజమానులకు, డ్రైవర్లకు, షెడ్డు మెకానిక్‌లకు, హెల్పర్లకు విజ్ఞప్తి



సరిగ్గా నాట్లప్పుడే గేరు జారడం మొదలవుతుంది. షెడ్డుకు తీసుకుపోతే మనకంటే ముందు నాలుగు బండ్లు నిలబడి ఉంటాయి. ఇక ఇంటి ముందరే గేరు రాడ్డు విప్పి, పైమూత లేపి, గేరును పట్టి ఉంచే లాకు గోళీ, స్ప్రింగు మార్చుకుంటాం. అందులో తప్పేమీ లేదు. మన బండిని మనం విప్పుకోగలగాలి. కానీ ఆ గోళీ చెయ్యి జారి లోపల పడ్డాక మనం చేస్తున్న పని మాత్రం మారాలి.

"ఏం కాదు తియ్యి, అడుగుకు పోయి పడి ఉంటది. ఆయిల్ మార్చినప్పుడు వస్తది." ఈ మాట అననివాళ్లు మనలో తక్కువ. కొన్నిసార్లు అలాగే జరుగుతుంది కూడా. అందుకే ఈ మాట ఇంకా చెలామణి అవుతోంది.

కానీ అడుగున పడ్డది ఎప్పుడూ అడుగునే ఉండదు. బండి న్యూట్రల్‌లో ఉన్నా, క్లచ్ తొక్కకపోతే లోపల కౌంటర్ షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. బండి కదిలితే వెనుక హౌసింగ్‌లో క్రౌన్ వీలు నూనెను గరిటెతో తోడినట్టు తోడి పైకి విసురుతుంది, నూనెలో ఉన్నదాన్నీ లేపుతుంది. చాలా ట్రాక్టర్లలో గేర్లకు, డిఫరెన్షియల్‌కు, హైడ్రాలిక్ లిఫ్టుకు కలిపి ఒకటే నూనె, ముప్పై నలభై లీటర్లు ఉంటుంది. గట్టి ఉక్కు గోళీ రెండు పళ్ల మధ్య ఇరుక్కుంటే పన్ను విరుగుతుంది, లేదా షాఫ్టు వంగుతుంది, లేదా హౌసింగ్ పగులుతుంది. విరిగిన పన్ను ముక్క ఇంకో గేరు మీదికో బేరింగు మీదికో పోతుంది. ఆ తర్వాత బండిని నడుముకు విడదీయాల్సిందే. బైకులైతే చాలావాటిలో ఇంజన్ ఆయిలే గేర్లకూ దిక్కు. క్లచ్ కవరు విప్పినప్పుడు పడ్డ వాచర్ ఎటు పోతుందో చెప్పలేం.

కాబట్టి పడ్డ క్షణమే తాళంచెవి తీసి జేబులో వేసుకోండి, బ్యాటరీ వైరు పీకండి. గేరులో పెట్టి తోయొద్దు, ఇంకో బండికి కట్టి లాగొద్దు. గాలి అసలే కొట్టొద్దు, అది ముక్కను ఇంకా మూలకు నెడుతుంది. శుభ్రమైన టబ్బులోకి, బట్ట వడపోతగా పెట్టి నూనె దించండి. పని అక్కడే అయిపోతుందని ఆశపడొద్దు, డ్రెయిన్ రంధ్రం చిన్నది. తర్వాత అయస్కాంతం. పొడుగు మాగ్నెట్ రాడ్డు లేకపోతే పాత స్పీకరు మాగ్నెట్ ముక్కను ప్లాస్టిక్ పైపు కొసకు గట్టిగా బిగించి దించండి. పైపు లేకుండా దించితే అది పక్క గేరుకు అంటుకుని, ఇప్పుడు లోపల రెండు వస్తువులున్నట్టు అవుతుంది! ఇంకో సంగతి: ఇత్తడి, రాగి, అల్యూమినియం ముక్కలు, రబ్బరు సీలు అయస్కాంతానికి రావు. అలాంటివి పడితే సెల్‌ఫోనుకు తగిలించే కెమెరా తీగతో చూడాలి, పక్కమూత విప్పాలి. విరిగిన బోల్టు అయితే ముక్కలు జత చేసి మొత్తం వచ్చిందో లేదో చూసుకోవాలి.

బిగించేముందు గోళీకి కొంచెం గ్రీజు రాసుకుంటే జారదు. తెరిచిన నోట్లో పెద్ద గుడ్డ ఒకటే కుక్కి, కొస బయటికి వదిలితే పడినా లోపలికి పోదు. ఇవి చాలామందికి తెలుసు. మరి ముక్కలు ఎందుకు లోపలే ఉండిపోతున్నాయి?

భయం వల్ల. హెల్పర్ చేతిలో నుంచి వాచర్ జారితే తిట్లు, కూలి కోత. అతను మూత వేసేస్తాడు. యజమాని "రేపు నాట్లున్నయ్, బిగించు" అంటాడు, మెకానిక్ బిగించేస్తాడు. గేరు పోయాక కంపెనీని తిడతాం. శంషాబాద్‌లో విమానాలు బాగుచేసే హ్యాంగర్లున్నాయి. విమానాల మరమ్మతులో ఒక్క పానా లెక్కకు తక్కువైనా, అది దొరికేదాకా విమానాన్ని వదలరు. మన షెడ్లలోనూ ఇలాంటి కట్టుబాటు పెట్టుకుందాం: పడిందని ఆ గంటలోనే చెప్పినవాడి కూలి కోయొద్దు, తీసే ఖర్చు షెడ్డూ యజమానీ సగం సగం పెట్టుకోవాలి. దాచి, తర్వాత బయటపడితే మొత్తం ఖర్చు షెడ్డుదే.

బండి ఆగితే కిరాయి పోతుంది కదా అంటారు. పోతుంది, నిజమే. అందుకే కూలికి బదులు పోయే ఊళ్లల్లో ట్రాక్టరుకూ బదులు పోదాం. ఈ కారణంతో ఆగిన బండివాడి మడి పక్కవాడు దున్నాలి, తర్వాత వాడు తీర్చుకుంటాడు.

సర్కారును అడిగేదీ ఉంది. ఐటీఐల్లో మెకానిక్ ట్రాక్టర్ కోర్సు ఏడాదిది, మోటార్ వెహికల్ మెకానిక్ కోర్సు రెండేళ్లది. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. కొత్త యంత్రాలు సరే, వారానికి ఒకరోజు ఆ ఐటీఐల షెడ్డు తలుపు రైతుకూ హెల్పర్‌కూ తెరవాలి. ట్రాక్టరు పని నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ తెలుగు నేలపై అనంతపురం దగ్గర గార్లదిన్నెలో ఉంది. ఆదిలాబాద్ జిల్లా బేల నుంచి అక్కడికి ఎవరు పోతారు? జమ్మికుంట, ఆదిలాబాద్ కృషి విజ్ఞాన కేంద్రాల్లో, ఉట్నూరు ఐటీడీఏలో మాగ్నెట్ రాడ్డు, కెమెరా తీగ ఉన్న పెట్టె ఒకటి పెట్టి, పేరు రాసుకుని ఇవ్వాలి. నేర్పడానికి సింగరేణిలో, కరీంనగర్ ఆర్టీసీ జోనల్ వర్క్‌షాపులో రిటైరైన ఫిట్టర్లు మన మధ్యే ఉన్నారు.

కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో, మన వస్తువును మనమే బాగుచేసుకునే మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, వ్యవసాయ యంత్రాలనూ అందులో చేర్చింది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో రైతుల కోసం దీన్ని చట్టమే చేసింది. జహీరాబాద్‌లో ట్రాక్టర్లు తయారవుతున్న రాష్ట్రంలో, లోపల ఏ గోళీ ఎక్కడుంటుందో చూపే బొమ్మ తెలుగులో ప్రతి డీలరు కౌంటరు మీద ఉండాలనడం గొంతెమ్మ కోరిక కాదు.

ఈ కోరికలతో మీ జిల్లా కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి అర్జీ పట్టుకుని రండి. మండలానికి నలుగురు చాలు, అందులో ఒకరు హెల్పర్ అయి ఉండాలి. విరిగిన గేరు పళ్లుంటే సంచిలో వేసుకుని రండి, అర్జీతో పాటు బల్ల మీద పెడదాం.