పాత తాళం, కొత్త దొంగ

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి కొంచెం పెద్దది. రాసినది ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి. దాన్ని కుదించి ఇక్కడ ఇస్తున్నాము.

"మా నాన్నగారికి డి.టి.పి. షాపు ఉన్నది. శుభలేఖలూ, కరపత్రాలూ, అప్పుడప్పుడూ పుస్తకాలూ కంపోజు చేస్తారు. కిందటి నెలలో ఒకనాటి ఉదయం చూసేసరికి కంప్యూటరులో ఒక్క ఫైలు కూడా తెరుచుకోలేదు. ప్రతి ఫైలు పేరు చివరా ఏవో నాలుగు అక్షరాలు అంటుకుని ఉన్నాయి. డబ్బు పంపితే ఫైళ్ళు తిరిగి ఇస్తామని ఒక చీటీ తెర మీద కనిపించింది. రిపేరు చేసే ఆయన వచ్చి, 'విండోస్ 7 ఇక లాభం లేదు, కొత్త సిస్టముకు మారిపోండి' అన్నాడు. నాన్నగారు వినడం లేదు. 'పదమూడేళ్ళుగా నమ్మకంగా పని చేస్తున్నది, దాన్నెందుకు మార్చాలి?' అంటున్నారు. అది వట్టి మొండితనమని మా అన్నయ్య వాదన. ఎవరి మాట నిజం?"

అమ్మాయీ, మీ నాన్నగారిది మొండితనం కాదు. అదెందుకో తరవాత చెబుతాను. ముందు ఈ ఆపరేటింగ్ సిస్టము అనేది ఏమిటో చూద్దాం.

రైల్వే స్టేషను ఒకటి ఉన్నదనుకో. బండ్లు ఎన్నో వస్తాయి, పోతాయి. ఏ బండి ఏ లైను మీద ఆగాలి, ఏది ముందు కదలాలి అన్నది స్టేషను మాస్టరు చూస్తాడు. ఆయన సరేననకుండా ఇంజను కదలరాదు. కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టము చేసే పని ఇదే. టైపు చేసే ప్రోగ్రామూ, బొమ్మలు వేసే ప్రోగ్రామూ, పాటలు వినిపించే ప్రోగ్రామూ బండ్లవంటివి. మెమరీలో ఎవరికి ఎంత చోటు, డిస్కు మీద ఎవరు రాయవచ్చు, ప్రింటరుకు ఎవరు ముందు పని పంపాలి అన్నదంతా మాస్టరు చేతిలో ఉంటుంది. విండోస్, లినక్సు, ఫోనులలో ఉండే ఆండ్రాయిడ్ వేరు వేరు మాస్టర్లు. ఒకరి జెండా సంజ్ఞలు మరొకరి బండ్లకు తెలియవు. అందుచేతనే విండోస్ కోసం రాసిన ప్రోగ్రాము లినక్సులో మామూలుగా నడవదు.

అయితే ఈ మాస్టరును రాసినవాళ్ళు మనుషులే గదా! కొన్ని కోట్ల పంక్తులు రాసేటప్పుడు ఎక్కడో ఒకచోట సందు మిగిలిపోతుంది. దొంగలు ఆ సందులను వెతుకుతారు. తయారుచేసిన కంపెనీవాళ్ళూ వెతికి, దొరికిన చోటికల్లా అతుకు వేసి పంపుతారు. "అప్‌డేట్" అని కంప్యూటరు అప్పుడప్పుడూ మనను విసిగించేది దీని కోసమే.

ఇప్పుడు చీటీ రాసిన దొంగ సంగతి. వాడు ఫైళ్ళను ఎత్తుకుపోలేదు. అవి మీ డిస్కులోనే ఉన్నాయి. వాటికి తాళం వేశాడు, అంతే. తాళం చిత్రమైనది. వేసే చెవి వేరు, తీసే చెవి వేరు. వేసే చెవి నలుగురికీ తెలిసినా ఇబ్బంది లేదు. తీసే చెవి మాత్రం దొంగ దగ్గర ఉంటుంది.

ఇది ఎలా సాధ్యమంటే, రెండు సంఖ్యలను గుణించడం తేలిక, వచ్చిన లబ్ధాన్ని చూసి ఆ రెంటినీ కనుక్కోవడం కష్టం. 8633 అనే సంఖ్య ఒకటి కాని రెండు సంఖ్యలను గుణిస్తే వచ్చింది. ఏ రెంటిని? కాగితమూ పెన్సిలూ తీసుకుని ప్రయత్నించండి. (జవాబు వచ్చే నెల.) నాలుగంకెల సంఖ్యకే ఇంత సేపు పడితే, ఈ తాళాలలో సాధారణంగా వాడే సంఖ్యకు 617 అంకెలు ఉంటాయి! ఈనాటి ఏ కంప్యూటరూ దాన్ని విడగొట్టలేదు. అందుచేత రిపేరు చేసే ఆయన చేతకానివాడని ఎవరూ అనుకోకూడదు.

ఇటువంటి తాళాల దొంగలలో బాగా పేరుమోసినవాడు "వన్నాక్రై". ఆ కథ కొంచెం వివరంగా చెప్పుకోవలసినదే.

విండోస్‌లో ఒక కంప్యూటరు మరొక కంప్యూటరుకు ఫైళ్ళు అందించే భాగంలో సందు ఒకటి ఉండేది. దాన్ని అమెరికా గూఢచారి సంస్థ ఎన్.ఎస్.ఏ. కనిపెట్టి, బయటికి చెప్పకుండా తన పనికి వాడుకున్నది. ఆ సాధనం ఎలాగో బయటపడి, 2017 ఏప్రిల్‌లో లోకానికంతటికీ దొరికింది. అప్పటికే, అంటే మార్చి 14న, మైక్రోసాఫ్ట్ దానికి అతుకు పంపింది. మే 12న, సరిగ్గా 59 రోజుల తరవాత, దొంగ వచ్చి పడ్డాడు. ఎవరూ ఏ ఫైలూ తెరవనక్కర్లేదు, ఏమీ నొక్కనక్కర్లేదు. అతుకు పడని కంప్యూటరు నెట్టులో ఉంటే చాలు, పక్కదానినుంచి దీనిలోకి తనంతట తానే దూకేవాడు. కొద్ది రోజులలో 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు తాళాలు పడ్డాయి. ఒక్కొక్కదానికి 300 డాలర్లు అడిగాడు. మూడు రోజులు దాటితే 600. ఇంగ్లండులో ఆసుపత్రుల కంప్యూటర్లు ఆగిపోయి, డాక్టరును చూడవలసిన రోగులను వేలకొద్దీ వెనక్కు పంపవలసివచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లకూ, తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లు కొన్నిటికీ కూడా ఇది సోకింది.

దాన్ని ఆపినది ఇంగ్లండులోని 22 ఏళ్ళ యువకుడు మార్కస్ హచిన్స్. ఆ దొంగ ప్రోగ్రాము తన పని మొదలుపెట్టే ముందు నెట్టులో ఒక వింత చిరునామాకు కబురు పెడుతున్నదని అతను గమనించాడు. ఆ చిరునామా ఎవరి పేరా లేదు. అతను పది డాలర్లు పెట్టి దాన్ని తన పేర నమోదు చేసుకున్నాడు. చిరునామానుంచి జవాబు వస్తే ప్రోగ్రాము తన పని మానుకునేటట్లు రాసి ఉన్నదట! అలా ఆగిపోతుందని నమోదు చేసేటప్పుడు అతనికీ తెలియదు.

ఈ కథలో చాలామంది పొరపాటుగా చెప్పే విషయం ఒకటి ఉన్నది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో మామూలు అతుకులు ఆగిపోయాయి. అందుచేత తప్పంతా ఆ ముసలి ఎక్స్‌పీదేనని మొదట పత్రికలు రాశాయి. తీరా లెక్క చూస్తే, తాళం పడిన కంప్యూటర్లలో చాలా భాగం విండోస్ 7వి. అప్పటికి విండోస్ 7కు అతుకులు వస్తూనే ఉన్నాయి, వేసుకున్నవాళ్ళు లేరు! సిస్టము వయసు కాదు, అతుకు పడిందా లేదా అన్నదే ముఖ్యం.

మరి విండోస్ 7కు? 2020 జనవరి 14తో దానికీ మామూలు అతుకులు ఆగిపోయాయి. ఆ తరవాత డబ్బు కట్టిన సంస్థలకు మాత్రం మరి మూడేళ్ళు వచ్చాయి. ఇప్పుడు దానిలో కొత్త సందు బయటపడితే దొంగకు తెలుస్తుంది, మీకు అతుకు రాదు. రిపేరు చేసే ఆయన చెప్పినది ఇదే. ఆయన మాట నిజం.

ఇక మీ నాన్నగారి పక్షం. షాపులో ఆయన బహుశా పేజ్‌మేకరులో అను ఫాంట్లతో కంపోజు చేస్తూ ఉండాలి. తెలుగు దేశంలో వేల షాపులు అలాగే నడిచాయి. పేజ్‌మేకరును ఇక పెంచబోమని అడోబీ కంపెనీ 2004లోనే చెప్పేసింది. అయినా మనవాళ్ళు దాన్ని వదలలేదు. వేళ్ళకు అలవాటైన పనిముట్టును ఎవరు వదులుతారు?

అలవాటు ఒకటే అయితే ఫరవాలేదు, నాలుగు నెలలలో కొత్త అలవాటు వస్తుంది. అసలు చిక్కు అక్షరాలతో. అను వంటి పాత ఫాంట్లలో కంప్యూటరు దాచుకునేది నిజంగా తెలుగు అక్షరం కాదు. అది ఇంగ్లీషు అక్షరాల అంకెలనే దాచుకుంటుంది. ఫాంటు వాటిమీద తెలుగు వేషం వేస్తుంది. ఫాంటు లేని కంప్యూటరులో ఆ ఫైలు తెరిస్తే వేషం ఊడిపోయి పిచ్చిగీతలు కనిపిస్తాయి. దీనికి విరుగుడుగా వచ్చినది యూనికోడ్. అందులో ప్రపంచంలోని చాలా లిపులకు తమ సొంత అంకెలు ఉన్నాయి. తెలుగుకు 3072 నుంచి 3199 వరకు కేటాయించారు. "అ" 3077, "క" 3093. మీ ఫోనులో తెలుగు పంపితే అమెరికాలో ఉన్న పిన్నిగారి ఫోనులో కూడా తెలుగే కనిపిస్తున్నదంటే కారణం ఇదే.

కొత్త సిస్టముకు మారడమంటే ఆయనకు పదమూడేళ్ళ పనినంతా పాత వేషంనుంచి కొత్త అంకెలలోకి మార్చుకోవడం కావచ్చు. మార్చిపెట్టే ప్రోగ్రాములు ఉన్నాయి గాని, వత్తులూ గుణింతాలూ అక్కడక్కడా తారుమారవుతాయి. ప్రతి పేజీ మళ్ళీ ప్రూఫు చూడాలి. పెళ్ళివారు గుమ్మంలో నిలబడి ఉండగా ఇది జరిగే పనేనా? "మొండితనం" అన్న అన్నయ్యను ఒక పాతికపేజీల పుస్తకం అలా మార్చి చూడమను.

అందుచేత నాకు తోచిన మార్గం మధ్యేమార్గం. పాత కంప్యూటరు డిస్కు పక్కన పెట్టి, దానిలో కొత్త డిస్కు వేసి, పాత సిస్టమునే శుభ్రంగా ఎక్కించండి. నెట్టు తీగ మాత్రం పీకెయ్యండి, వై-ఫై తీసెయ్యండి. అది పాత మేటరు కోసం, అంతే. మెయిళ్ళకూ, వాట్సాప్‌కూ, కొత్త పనికీ అతుకులు వచ్చే సిస్టము ఉన్న మరొక కంప్యూటరు వాడండి. విండోస్ కొత్తది కొనవచ్చు. విండోస్ 10కు కూడా మామూలు అతుకులు 2025 అక్టోబరు 14తో ఆగాయి గనక, కొనేటప్పుడు అది చూసుకోవాలి. ఖర్చు వద్దనుకుంటే లినక్సు ఉన్నది.

లినక్సును 1991లో ఫిన్లండులో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి మొదలుపెట్టాడు. రాసినదాన్ని దాచుకోకుండా అందరికీ ఇచ్చాడు. ఈనాడు ప్రపంచం నలుమూలలా మనుషులు దాన్ని పెంచుతున్నారు. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు దానిమీదనే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. పుస్తకాల పేజీలు కట్టడానికి స్క్రైబస్ అనే ప్రోగ్రాము దానిలో ఉచితంగా దొరుకుతుంది; 2024లో వచ్చిన దాని కొత్త రూపానికి మన వత్తులు పెట్టడం వచ్చును. అయితే అందరికీ ఇది కుదురుతుందని చెప్పను. జర్మనీలో మ్యూనిక్ నగరంవాళ్ళు తమ ఆఫీసులలో కొన్నేళ్ళపాటు లినక్సు నడిపి, 2017లో మళ్ళీ విండోస్‌కే పోవాలని తీర్మానించుకున్నారు.

లినక్సుకు వైరస్సులు రావని ఎవరైనా అంటే నమ్మవద్దు. 1988 నవంబరులో నెట్టులో మొట్టమొదట అల్లకల్లోలం చేసిన మారిస్ పురుగు పడినది లినక్సుకు పెద్దన్న వంటి యూనిక్సు యంత్రాల మీద. షాపుల కంప్యూటర్లలో విండోస్ ఎక్కువ గనక దొంగల చూపు దానిమీద ఎక్కువ, అంతే.

మీ షాపులోకి అది ఎలా జొరబడిందో నీ ఉత్తరంలో లేదు. షాపులలో సాధారణంగా రెండు దారులు. ఒకటి, పదిమంది తెచ్చే పెన్‌డ్రైవులు. రెండోది, డబ్బిచ్చి కొనవలసిన ప్రోగ్రామును ఊరికే వాడుకోవడానికి తెచ్చుకునే "క్రాకు". ఈ రెండోదాని విషయంలో ఏ కొత్త సిస్టమూ ఏమీ చెయ్యలేదు. "ఇది అపాయం" అని స్టేషను మాస్టరు ఎర్రజెండా చూపినా, క్రాకు పనిచెయ్యాలని మనమే ఆయనను పక్కకు నెట్టి గేటు తీస్తాం.

పెన్‌డ్రైవులలో పట్టుకునే వైరస్సు ఒకటి తమాషాగా ఉంటుంది. అది ఫోల్డర్లను కనపడకుండా చేసి, అవే పేర్లతో దొంగ గుర్తులు పెడుతుంది. ఫోల్డరనుకుని నొక్కితే వైరస్సు మేలుకుంటుంది. అటువంటి పెన్‌డ్రైవును లినక్సులో పెడితే దాగిన ఫోల్డర్లు మామూలుగానే కనిపిస్తాయి. దొంగ గుర్తులు పక్కన ఉత్త ఫైళ్ళలా పడి ఉంటాయి, నొక్కినా ఏమీ కాదు. ఇంకో మాస్టరు భాష వాటికి రాదు గదా!

ఇకమీదట ప్రతి పనికీ మూడు నకళ్ళు ఉంచండి. అందులో ఒకటి షాపులో కాక ఇంట్లో ఉండాలి. నకలు తీసే డిస్కును పని అయిపోగానే ఊడదియ్యాలి. తగిలించి ఉంచితే కంప్యూటరుతోపాటు దానికీ తాళం పడుతుంది.

దొంగకు డబ్బు మాత్రం పంపవద్దని నాన్నగారితో చెప్పు. పంపినా చెవి వస్తుందన్న హామీ లేదు. 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు రాయించండి. పక్కన పెట్టిన ఆ పాత డిస్కును తుడిచెయ్యవద్దు, దాని మీద తారీఖు రాసి బీరువాలో దాచండి. దొంగలు పట్టుబడినప్పుడు ఒక్కొక్కసారి చెవులు కూడా దొరుకుతాయి. అలా దొరికినవాటిని ఊరికే పంచడానికి యూరపు పోలీసులూ, కొన్ని కంపెనీలూ కలిసి 2016లో "నో మోర్ రాన్సమ్" అనే సంస్థను పెట్టారు. మీ ఫైళ్ళకు అంటుకున్న ఆ నాలుగు అక్షరాలేమిటో చూసి, వాటికి చెవి వచ్చిందేమోనని మూడు నెలలకోసారి అక్కడ వెతకండి. ఈ పని అన్నయ్యకు అప్పగించవచ్చు.